అంచు వంతు

ముప్పాళ్ళ దాటి నరసరావుపేట వైపు వెళ్తుంటే ఎడమ పక్కన వచ్చే మిర్చి కల్లంలో, ఆడవాళ్ళు కూర్చునే తీరుకు ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతిని ఎవరూ పనిగట్టుకుని పెట్టలేదు, ఎవరూ పైకి అనలేదు. అయినా కొత్తగా పనిలోకి వచ్చిన మనిషికి రెండో రోజుకల్లా తెలిసిపోయేది. కాయ రాశి పక్కన పద్నాలుగు మంది వరుసగా కూర్చుని తొడిమలు తుంచుతూ, రంగు పోయిన తాలు కాయలు ఏరి అవతల పడేస్తుంటారు. వరుసకు ఒక కొస నీళ్ళ డ్రమ్ము దగ్గర, రెండో కొస మనుషులు నడిచే బాట పక్కన. బాట పక్కనున్న చోటును అంచు అనేవాళ్ళు. అంచున ఎవరూ కావాలని కూర్చోరు. అందుకని రోజుకొకరు వంతు వేసుకున్నారు. పెళ్ళికాని పిల్లల్ని, కాపురానికి కొత్తగా వచ్చినవాళ్ళని వరుస మధ్యలో పెట్టి, మిగతావాళ్ళు ఆ చోటును తమలో తాము పంచుకున్నారు.

ఆ బాటలో తిరిగేది మేస్త్రి నరసింహారావు. ముఠాను కుదిర్చేది ఆయనే, పొద్దున్నే పేరు పెట్టి పిలిచేది ఆయనే, నచ్చకపోతే రేపటి నుంచి రావొద్దనేది ఆయనే. వయసు యాభై దాటింది, ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేశాడు, మెళ్ళో తులసిపూసలు వేసుకుంటాడు. ఆడవాళ్ళంతా ఆయన్ను బాబాయ్ అంటారు. ఆ వరస కలిపితే చెయ్యి కాస్త అదుపులో ఉంటుందని మొదట్లో ఏ పిచ్చితల్లి అనుకుందో గానీ, చెయ్యి ఎప్పటిలాగే ఉంది. "తొడిమ సరిగ్గా తీస్తన్నావా అమ్మాయ్?" అంటూ అంచున కూర్చున్న మనిషి మీదికి వంగుతాడు. చూడాల్సింది కాయనైతే చెయ్యి కాయల మీద ఉండాలి కదా. అది వీపు మీద మొదలై చంక కిందికి పోయేది. వద్దంటే నవ్వేవాడు. మళ్ళీ వద్దంటే గిల్లేవాడు.

ఒక్క విషయంలో మాత్రం మహా జాగ్రత్త. మిరపకాయ తుంచిన చేతులు ఎలా ఉంటాయో ఆయనకు బాగా తెలుసు. పొద్దున ఆరింటి నుంచి కాయలో మునిగిన ఆ వేళ్ళు పొరపాటున కంటికి తగిలితే మనిషి నేల మీద పడి దొర్లాల్సిందే. ఆ ఆడవాళ్ళు సాయంత్రం చేతులకు నూనె రాసి, మజ్జిగ పోసి కడుక్కునేదాకా సొంత బిడ్డను ఎత్తుకోరు, మొహాన పట్టిన చెమట కూడా భుజంతోనే తుడుచుకుంటారు. అందుకే నరసింహారావు వాళ్ళను ఎప్పుడూ వెనక నుంచే ముట్టుకునేవాడు. వాళ్ళ చేతులు తన ఒంటికి ఎక్కడా తగలనిచ్చేవాడు కాదు.

ఆ గురువారం అంచు వంతు నాగవేణిది.

నాగవేణికి ఇరవై ఎనిమిదేళ్ళు, నాలుగేళ్ళ కూతురు. మొగుడు కొండలు చిన్న ట్రాలీ బండి తోలుతాడు. ముఠాను కల్లానికి తెచ్చేదీ, సాయంత్రం దింపేదీ, మధ్యలో బస్తాలు మోసేదీ ఆ బండే. మిగతా ఆడవాళ్ళలాగే ఆమె కూడా ఎండకీ ఘాటుకీ చీర మీద మొగుడి పాత చొక్కా వేసుకుని పనికి కూర్చుంటుంది. అంచు వంతు వచ్చిన రోజు మాత్రం మెడ దాకా గుండీలన్నీ పెట్టేది. పది గంటలప్పుడు నరసింహారావు వచ్చాడు. గుండీలు పెట్టిన చొక్కాకు కింద అంచుంటుంది కదా, చెయ్యి అక్కడి నుంచి పైకి వచ్చింది.

"వద్దు బాబాయ్. తియ్యి."

ఆయన నవ్వాడు. "ఏంది అమ్మాయ్, కాయ చూస్తన్నాగా."

"తియ్యమంటన్నా."

పక్కటెముకల దగ్గర కండ పట్టుకుని మెలిపెట్టి మరీ తీశాడు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులతో తుడుచుకోకూడదు, భుజానికి అద్దుకుంది. పక్కన కూర్చున్న పున్నమ్మ, ఆ ముఠాలో అందరికంటే పెద్దది, తలెత్తకుండానే మోకాలితో నాగవేణి మోకాలిని ఒకసారి నొక్కింది. అంతకన్నా ఎవరూ ఏమీ చేయలేరు. వాళ్ళంతా తమ వంతు రోజున అలాగే కూర్చున్నవాళ్ళే.

పోయిన నెలలో నాగవేణి ధైర్యం చేసి మొగుడికి చెప్పింది. అన్నం తింటున్న కొండలు ముద్ద ఆపకుండా విన్నాడు. "చెయ్యి ఆనితే అరిగిపోతావా ఏందే? పెద్దాయన, అందర్నీ అట్టాగే పలకరిస్తాడు. నా బండి తిరిగేది కూడా ఆయన దయ మీదే. చూసీ చూడనట్టు పో" అన్నాడు. కొండలు చెడ్డవాడు కాదు. పెళ్ళాన్ని కొట్టడు, ఆదివారం తప్ప తాగడు, కూతుర్ని భుజాన ఎక్కించుకుని బజారంతా తిప్పుతాడు. చెడ్డవాడైతే ఆమె తిట్టుకుని ఊరుకునేది. మంచివాడి నోటి నుంచి ఆ మాట రావడమే ఆమెకు నెల రోజులుగా మండుతోంది.

ఇక మోహన్ సంగతి. కల్లంలో బస్తాలు తూచే కాటా మిషన్ పాడైతే, బాగు చేయడానికి నరసరావుపేట నుంచి సోమవారం వచ్చాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి, సన్నగా, మాట నెమ్మది. మాట్లాడేటప్పుడు ఆడవాళ్ళ మొహం చూసి మాట్లాడేవాడు. మొహం తప్ప మిగతాదంతా చూసే మగవాళ్ళకు అలవాటుపడిన ఆ ఆడవాళ్ళకు ఇది మొదటి రోజే తెలిసిపోయింది. పున్నమ్మ పాత ఫోను మూగబోతే భోజనాల వేళ విప్పి బాగు చేసిచ్చాడు. అందర్నీ అక్కా అనేవాడు. నాగవేణిని అక్కా అన్న రోజే కొండలు ఆ పిలుపు పట్టుకున్నాడు. "దాన్ని అక్కా అన్నావంటే నేను నీకు బావనేరా. నోరారా బావా అను!" అన్నాడు. అలా బావా బామ్మర్దుల వరస కుదిరింది. ఇంకేముంది, ఆ వరసలో ఏమన్నా చెల్లుతుంది. కొండలు అతని మెడ చుట్టూ చెయ్యేసుకుని కల్లమంతా తిరిగేవాడు. బుగ్గ గిల్లేవాడు, ఒక్క కంచంలో తినేవాడు, మధ్యాహ్నం పూట అతని ఒళ్ళో తల పెట్టుకుని కునుకు తీసేవాడు. మగవాళ్ళు మగవాళ్ళతో అలా ఉండటం మన వైపు ఎవరికీ వింత కాదు. మూడు రోజుల్లో ఇద్దరూ చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళలాగా అయిపోయారు.

గురువారం మధ్యాహ్నానికి కాటా బాగైంది. అందరూ కూర్చుని అన్నాలు తింటుండగా కొండలు మోహన్ భుజం మీద వాలి, "నువ్వు ఆడపిల్లవై పుట్టుంటే దీన్ని ఇక్కడే వదిలేసి నిన్ను చేసుకునేవాణ్ణిరా బామ్మర్దీ!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాగవేణి కూడా నవ్వింది. మోహన్ నవ్వబోయి తల వంచుకున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుపడ్డాడనుకున్నారు. ఆ మాట అతను ఎన్నాళ్ళ నుంచి ఎవరి నోటన్నా వింటానా అని ఎదురుచూస్తున్నాడో అక్కడ ఎవరికి తెలుసు? తిన్నాక సామాన్ల సంచి భుజాన వేసుకుని, అందరికీ చెప్పి, ముప్పాళ్ళ బస్సు స్టాపు దగ్గర దిగబెడతానన్న కొండలు బండెక్కి వెళ్ళాడు.

అరగంట తిరక్కుండానే కొండలు ఒక్కడే తిరిగి వచ్చాడు. మొహం అదోలా ఉంది. బోరాల్లో కాయ పోసి కాళ్ళతో తొక్కి గట్టి మూటలు కట్టే మగవాళ్ళు ముగ్గురు ఆ వైపు పని చేస్తున్నారు. వాళ్ళలో మల్లికార్జున కొండలుకు చిన్నప్పటి స్నేహితుడు. కొండలు అతనితోనే మెల్లగా చెప్పాడు, కాటా అబ్బాయి బండిలో తన మోకాలి మీద చెయ్యేశాడని, అదేదో మామూలుగా వేసిన చెయ్యి కాదని. మల్లికార్జున ఒక్క క్షణం తెల్లబోయి, ఆ తర్వాత విరగబడి నవ్వాడు. "నీలో ఏం చూశాడ్రా? నడుమా?" అన్నాడు. మిగతా ఇద్దరూ అందుకున్నారు. "మూడు రోజులు ఒళ్ళో పడుకుంటే ఆశ పుట్టదా మరి!" అని ఒకడు. "నువ్వు మెత్తగా ఉంటే వాడేం చేస్తాడు!" అని ఇంకొకడు.

ఆ చివరి మాట కొండలుకు తగలరాని చోట తగిలింది. తాను మెత్తనివాణ్ణి కాదని అప్పటికప్పుడు చూపించాలి. మోకాలు కాస్తా తొడైంది, తొడ కాస్తా నడుమైంది, చివరికి బండి ఆపి మీద పడబోయాడనే దాకా పోయింది. నరసింహారావు ఆ మాటలు విని వచ్చాడు. "ఇంకా నిలబడి చెప్తన్నావేందిరా? బస్సెక్కేలోగా పట్టుకురాపోండి ఆ కొజ్జా నా కొడుకుని!" అన్నాడు. నలుగురూ బండెక్కారు.

వరుసలో కూర్చున్న ఆడవాళ్ళకు విషయం అందింది. నిజం చెప్పాలంటే నాగవేణికి ముందు ఒళ్ళు జలదరించింది. ఛీ, ఇదేం బుద్ధి అనుకుంది. మొగుడి మీద జాలేసింది కూడా. "అట్టాంటోళ్ళు ఉంటారే. మా మేనత్త కొడుకు ఉండేవాడు. బావిలో పడి సచ్చాడు. పడ్డాడో, పడేశారో ఇప్పటికీ తెలీదు" అంది పున్నమ్మ మెల్లగా. అందరూ తొడిమలు తుంచుతూనే ఉన్నారు.

బండి వచ్చి ఆగింది. మోహన్‌ను వెనక నుంచి కాళ్ళు పట్టి కిందికి లాగారు. తల నేలకు కొట్టుకుంది. చొక్కా అప్పటికే చిరిగింది, పెదవి పగిలి రక్తం మెడ మీదికి కారుతోంది. లేవబోతే మల్లికార్జున కడుపులో తన్నాడు. ఇంకొకడు జుట్టు పట్టి లేపి మళ్ళీ పడేశాడు. కొండలు తనను చూసి నవ్విన ముగ్గురి ముందు నిలబడి, నడుం బెల్టు తీసి, బకిలు వైపుతో కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బకు చర్మం లేచి వస్తోంది. "బావా, వద్దు బావా" అన్నాడు మోహన్. ఆ పిలుపు విన్నప్పుడల్లా దెబ్బ ఇంకా గట్టిగా పడింది.

"బెల్టుతో ఏమవుద్దిరా? బస్తా తొక్కినట్టు తొక్కండి" అన్నాడు నరసింహారావు.

తొక్కారు. రోజూ చేసే పనే, కాళ్ళకు అలవాటే. ఇద్దరు చెరో చెయ్యి పట్టి పరిచి ఉంచితే మల్లికార్జున ఛాతీ మీదికి ఎక్కాడు. ఎండు కొమ్మ విరిగిన చప్పుడు వరుసలోని అందరికీ వినిపించింది. తర్వాత మోహన్ పెట్టిన కేక మనిషి కేకలా లేదు. అతన్ని బోర్లా తిప్పి, మొహాన్ని కాయ రాశిలోకి అదిమారు. ఊపిరి కోసం నోరు తెరిస్తే నోట్లోకి, ముక్కులోకి మిరప దుమ్ము పోయింది. పైకి లేపినప్పుడు దగ్గు కూడా రావడం లేదు, గొంతులో ఏదో గీరుకుంటున్న శబ్దం మాత్రం వస్తోంది.

ఇంత జరుగుతున్నా నాగవేణి చేతులు ఆగలేదు. పద్నాలుగు మంది చేతులూ ఆగలేదు. తల దించుకుని పని చేసుకోవడం వాళ్ళకు అంతగా అలవాటైపోయింది. తన చేతులు తొడిమ తుంచి పక్కన పడేయడం ఆమె చూసింది, అవి ఎవరి చేతులో అన్నట్టు.

నరసింహారావు కాయ ఆరబోసిన పట్టా మీద మిగిలిన గింజా దుమ్మూ దోసిట్లోకి ఎత్తుకున్నాడు. ఎర్రటి దుమ్ము, ఎండకు కరకరలాడుతోంది. "కళ్ళు తెరిచి పట్టుకోండిరా వీణ్ణి. జన్మలో ఇంకో మగాణ్ణి చూడకూడదు" అన్నాడు. మోహన్ కాళ్ళు కొట్టుకున్నాయి. మల్లికార్జున అతని తలను మోకాళ్ళ మధ్య ఇరికించి, రెప్పలు వేళ్ళతో లాగి పట్టుకున్నాడు. నరసింహారావు వంగి, ఊగిపోతూ అరిచాడు. "ఒప్పుకోని మనిషి ఒంటి మీద చెయ్యేస్తావురా? ఇష్టం లేదంటే అర్థం కాదురా నీకు? నీకు అక్కాచెల్లెళ్ళు లేరురా?"

అప్పుడు నాగవేణి చేతులు ఆగాయి.

ఆమె పక్కటెముకల దగ్గర, పొద్దున పదింటికి ఆయన మెలిపెట్టిన చోట, ఇంకా సలుపుతోంది. ఆ మాటలన్నీ మంచి మాటలే. ఆమె ఎన్నో రోజులు అంచున కూర్చుని, ఎవరైనా ఒక మగవాడు గట్టిగా అరిచి అంటే బాగుండని కోరుకున్న మాటలే. అవి చివరికి ఈ నోటి నుంచి, తన మొగుడి కోసం వచ్చాయి. ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపం వచ్చింది. లేచి నిలబడింది.

"ఆగు బాబాయ్. ఒక్క మాట అడగనీ" అంది. ఆయన కోసం ఆగలేదు, నేరుగా మొగుడి దగ్గరికి నడిచింది. "ఏమయ్యా, అతను నీ మీద చెయ్యి యాడేశాడు?"

"నువ్వు పోయి కూర్చోవే" అన్నాడు కొండలు. రొప్పుతున్నాడు.

"అడిగినదానికి చెప్పు. యాడ?"

అందరూ చూస్తున్నారు. "మోకాలి మీద" అన్నాడు.

"నడుం అన్నావంటగా?"

కొండలు మల్లికార్జున వంక చూశాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమంటానే? తియ్యరా చెయ్యి అన్నా."

"తియ్యమంటే?"

కొండలు చేతిలో బెల్టు నేల మీదికి వేలాడుతోంది.

"తియ్యమంటే ఏం చేశాడయ్యా?"

"తీశాడు."

"తీసి?"

"తప్పైపోయింది బావా, నేనే ఏదో అనుకున్నా, ఎవరికీ చెప్పమాకు అని దణ్ణం పెట్టాడు. బండి ఆపమని దిగిపోయాడు."

నాగవేణి వరుస వైపు తిరిగింది. "విన్నారా? తియ్యమంటే తీశాడంట. ఒక్కసారి చెబితే తీశాడంట!" పున్నమ్మ వైపు ఒక అడుగు వేసింది. "పున్నమ్మత్తా, తియ్యమంటే తీసినోణ్ణి నువ్వెప్పుడన్నా చూశావా?"

పున్నమ్మ కాయలు ఒళ్ళోంచి దులుపుకుంది. "నా యాభై ఐదేళ్ళలో చూళ్ళేదే" అంది.

"మరెందుకయ్యా చంపుతన్నావు? నీ మోకాలేమన్నా అరిగిపోయిందా?" అంది నాగవేణి మొగుడితో. కొండలు మొహం మీద ఎవరో చరిచినట్టైంది. ఆ మాట తనదేనని గుర్తొచ్చినట్టుంది. ఆమె అక్కడితో ఆగలేదు. "బాబాయ్, పొద్దున నేను తియ్యమన్నా. రెండుసార్లన్నా. నువ్వు తీశావా? నీ కంట్లో ఎవరు కొట్టాలి కారం?"

నరసింహారావు దోసిట్లో దుమ్ము విసిరేశాడు. సగం మోహన్ మొహాన పడింది, సగం గాలికి పోయింది. మూడంగల్లో వచ్చి నాగవేణిని చెంప మీద కొట్టాడు. ఆమె నోట్లో ఉప్పగా తగిలింది. "లంజా, నా కల్లంలో నిలబడి నన్నే అడుగుతావటే!" అంటూ రెండు చేతులతో జుట్టు పట్టుకుని తలను తన మొహం దగ్గరికి గుంజాడు. ఆమె కళ్ళు మొగుణ్ణి వెతికాయి. కొండలు బెల్టు పట్టుకుని నిలబడే ఉన్నాడు. అడుగు ముందుకూ వేయలేదు, వెనక్కీ వేయలేదు.

ఇన్నేళ్ళలో నరసింహారావు ఏ ఆడదాన్నీ ముందు నుంచి పట్టుకోలేదు. ఆ రోజు కోపంలో ఆ జాగ్రత్త మరిచిపోయాడు. ఆయన రెండు చేతులూ ఆమె జుట్టులో చిక్కుకుని ఉన్నాయి. ఆమె రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. పొద్దున ఆరింటి నుంచి కాయ తుంచిన చేతులు, గోళ్ళ సందుల దాకా ఎరుపు. ఆమె ఆయన మొహాన్ని అరచేతుల మధ్య పట్టుకుని, రెండు బొటనవేళ్ళూ రెండు కళ్ళలోకి దించి రుద్దింది. ఆయన అరిచాడు. ఆమె ఇంకా రుద్దింది. జుట్టు కుదుళ్ళతో ఊడి వస్తున్నా వదల్లేదు. "తియ్యి! తియ్యవే!" అని ఆయన కేకలు పెట్టాడు. "ఏంది బాబాయ్, కాయ చూస్తన్నాగా" అంది ఆమె పళ్ళు బిగించి, కసి తీరేదాకా రుద్ది అప్పుడు వదిలింది.

ఆయన మోకాళ్ళ మీద పడి, నేలకు తల కొట్టుకుంటూ దొర్లాడు. మల్లికార్జున మోహన్ తలను వదిలేసి నాగవేణి మీదికి లేచాడు. అప్పటికి పున్నమ్మ అడ్డం వచ్చింది. ఆమె వెనక మిగతా పన్నెండు మంది వచ్చారు. ఒక్కరూ కర్ర పట్టుకోలేదు, ఒక్కరూ తిట్టలేదు. ఊరికే ఎర్రటి చేతులు మొహాల ఎత్తుకు ఎత్తి నిలబడ్డారు. వరుస మధ్యలో దాచిపెట్టే పిల్లలు కూడా అంచున నిలబడ్డారు. మల్లికార్జున ఆ చేతుల వంక, కింద దొర్లుతున్న మేస్త్రి వంక చూసి వెనక్కి తగ్గాడు. మిగతా ఇద్దరూ అంతకు ముందే తగ్గారు.

కల్లంలో ఉన్నది ఒకటే క్యాను మజ్జిగ, పున్నమ్మ భోజనంలోకి తెచ్చుకున్నది. నరసింహారావు "మజ్జిగ, మజ్జిగ పొయ్యండే" అని ఏడుస్తున్నాడు. పున్నమ్మ ఆ క్యాను తీసుకుని ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళి, మోహన్ తలను మోచేతుల మధ్య పెట్టుకుని, కళ్ళ మీద, నోట్లో, ముక్కు మీద సన్నటి ధారగా మొత్తం పోసింది. చుక్క మిగల్చలేదు. మల్లికార్జున డ్రమ్ములో నీళ్ళు ముంచి మేస్త్రి మొహాన కొట్టాడు. కారం మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో తొక్కుడు పనివాడికి తెలియనిదా? కంగారులో మరిచిపోయాడు. ఆ కేక రోడ్డు దాకా వినిపించింది.

"రేపటి నుంచి మనకీ కల్లం లేదే నాగేణీ" అంది పున్నమ్మ.

"పోనియ్యి అత్తా" అంది నాగవేణి. నోట్లో రక్తం ఉమ్మేసి మొగుడి వైపు చూసింది. "బండి తియ్యి. పేట ఆస్పత్రికి పోవాలి."

కొండలు బెల్టు నడుముకు చుట్టుకున్నాడు. "వెనక పడుకోబెట్టండి" అన్నాడు చివరికి.

"ఎముకలు విరిగినోడు. ఆ గతుకులకు సచ్చిపోతాడు. ముందు కూర్చోబెట్టాలి."

"నా పక్కనా?" అన్నాడు కొండలు. అంత కొట్టిన మనిషి, కళ్ళు కనపడక మూలుగుతున్న మనిషిని చూసి ఇంకా జంకుతున్నాడు. నాగవేణికి మొగుడి మీద మొదటిసారి అసహ్యం వేసింది, దాని అడుగున కాస్త జాలి కూడా వేసింది.

"భయమైతే చెప్పు. మధ్యలో నేను అడ్డం కూర్చుంటా. మాకు రోజూ అలవాటేగా" అంది.

ఆడవాళ్ళు మోహన్‌ను ఎత్తి తలుపు వైపు కూర్చోబెట్టారు. నాగవేణి ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. తన చేతులు అతనికి తగలకుండా పైకి పట్టుకుని, భుజం మాత్రం ఆనించి అతను పడిపోకుండా ఆపింది. బండి రోడ్డెక్కింది. గతుకు వచ్చినప్పుడల్లా మోహన్ పళ్ళ మధ్య నుంచి సన్నగా మూలిగేవాడు. పేట పొలిమేర వచ్చింది.

"అక్కా" అన్నాడు మోహన్. కుడి కన్ను ఒక గీతంత తెరుచుకుంది, బొటబొటా నీళ్ళు కారుతున్నాయి. "ఎర్రగా ఏదో కనపడుతోంది."

"నా చేతులురా అబ్బాయ్" అంది నాగవేణి. అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "కనపడతన్నాయిగా? చాలు. అట్టాగే తెరిచి ఉంచు."

కొండలు గేరు మార్చాడు. "ఆయన నిన్ను... అట్టా చేస్తాడని నాకు గట్టిగా చెప్పొచ్చుగా?"

"చెప్పా. నువ్వు ముద్ద కూడా ఆపలేదు."

కొండలు స్టీరింగు గట్టిగా పట్టుకుని తోలాడు. తర్వాత గేరు మీద నుంచి ఎడమ చెయ్యి తీసి, ఓదార్పుగానే కావచ్చు, తప్పు ఒప్పుకోవడం చేతగాక కావచ్చు, ఆమె మోకాలి మీద వేశాడు.

"తియ్యి" అంది నాగవేణి.

"నేను నీ మొగుణ్ణే" అన్నాడు కొండలు. చెయ్యి అలాగే ఉంది. బరువుగా, తనదే అన్నట్టు ఉంది.

నాగవేణి ఎర్రటి చేతులు రెండూ అద్దం ముందు అలాగే ఎత్తి పట్టుకుని, మొహం తిప్పి అతని వంక చూసింది. కొండలు ఆ చేతుల్ని చూశాడు, ఆమె మొహం చూశాడు, అవతల తలుపుకు వాలిన మనిషిని కూడా చూశాడు. మధ్యాహ్నం ఆ అబ్బాయి తీసినంత వెంటనే తీయలేదు గానీ, తీశాడు.